కుందేలుగారి సర్వీసు రిజిస్టర్

చైనా వాళ్ల రాశిచక్రం అనే డిపార్ట్‌మెంటులో ఏడాదికో జంతువు చొప్పున పన్నెండు పోస్టులు. నాలుగోది కుందేలుది. ఏడాది డ్యూటీ, పదకొండేళ్లు సెలవు. ఏ పే కమిషనూ ఇవ్వని సుఖం కాబట్టి కళ్లు కుట్టేవాళ్లు కుట్టుకుంటారు. కానీ సర్వీసు రిజిస్టర్ తిరగేస్తే పాపం, పేజీ పేజీకీ అన్యాయమే.

నియామకమే వివాదం. చైనా కథల్లో స్వర్గానికి రాజైన జేడ్ చక్రవర్తి ఈ పోస్టుల కోసం నది దాటే పోటీ పెట్టాడు. కుందేలు రాళ్ల మీద గెంతుతూ వచ్చి, చివరికి ఒక దుంగ పట్టుకుని నడినీళ్లలో ఆగిపోయింది. వెనకాల వస్తున్న డ్రాగన్ జాలిపడి ఉఫ్‌మని ఊదింది. కుందేలు నాలుగు, డ్రాగన్ ఐదు. అప్పటినుంచీ కుందేలు మీద రికమెండేషన్ క్యాండిడేటని ముద్ర. ఎద్దు వీపెక్కి ఫస్టొచ్చిన ఎలుకనేమో తెలివైనదంటారు!

ఆ తర్వాత చంద్రుడి మీదకు డిప్యుటేషన్. చైనా లెక్కలో అక్కడ అమృతం నూరాలి. జపాన్ లెక్కలో అదే రోట్లో మోచీ అనే అన్నపు ముద్ద దంచాలి. ఆర్డరు లేకుండానే మందుల శాఖ నుంచి వంటశాలకు బదిలీ. 2013 డిసెంబరులో చైనా చంద్రుడి మీద దింపిన రోవర్‌కూ యూతు, అంటే జేడ్ కుందేలు అనే పేరే పెట్టారు. మనం పట్టిన కుందేటికి మూడే కాళ్లు. దానికి ఆరు చక్రాలున్నా నెలన్నర తిరక్కుండానే కదలడం మానేసింది. అయినా పడ్డచోటు నుంచే 2016 దాకా డ్యూటీ చేసింది.

బీజింగ్‌కు మహమ్మారి వస్తే చంద్రుడి నుంచి దిగొచ్చి ఇంటింటికీ వైద్యం చేసింది కూడా ఈ కుందేలేనని అక్కడి కథ. యూనిఫాం అలవెన్సు లేదు. గుడిలో బట్టలు అరువు తెచ్చుకుని తిరిగింది. అందుకే శరత్కాలపు పున్నమి పండక్కి అక్కడ అమ్మే మట్టిబొమ్మకు ఒంటి మీద సేనాపతి కవచం, వీపున జెండా, నెత్తిన నిక్కిన రెండు చెవులు. కూర్చున్నదేమో పులి మీద. సీనియారిటీలో తనకన్నా ఒక మెట్టు పైనున్న పులినే వాహనం చేసుకుంది. మొత్తం రిజిస్టర్‌లో నాకు నచ్చిన పేజీ ఇదొక్కటే.

వియత్నాంలో ఆ పోస్టూ దక్కలేదు. నాలుగో కుర్చీలో అక్కడ పిల్లి కూర్చుంది.

అసలు దెబ్బ 2023లో పడింది. పిల్లల్ని కనడంలో పేరుమోసిన జంతువు కుర్చీలో ఉండగా చైనాలో పుట్టింది 90.2 లక్షల మంది. 1949 తర్వాత అప్పటికి అదే కనిష్ఠం. 2024లో డ్రాగన్ ఛార్జి తీసుకుంది, లెక్క 95.4 లక్షలకు ఎక్కింది. డ్రాగన్ ఏడాదిలో బిడ్డ పుడితే అదృష్టమని అక్కడి నమ్మకం. ముహూర్తం పెట్టించి సిజేరియన్ చేయించే మనకు నవ్వే హక్కు లేదనుకోండి. కానీ ఆ పిల్లల తల్లిదండ్రుల్లో ఎందరి పెళ్లి ఎప్పుడైందో ఎవరూ అడగరు. కోవిడ్‌తో ఆగిన పెళ్లిళ్లు పట్టాలెక్కింది కుందేలు హయాంలోనే. 2022లో 68.3 లక్షల పెళ్లిళ్లు, 2023లో 76.8 లక్షలు. సొమ్మొకడిది, సోకొకడిది.

కుందేలు మళ్లీ ఛార్జి తీసుకునేది 2035లో. ఆలోగా ఈ పెళ్లిళ్ల లెక్కను దాని రిజిస్టర్‌లో ఎక్కించి, సంబంధిత అధికారి సంతకం చేసి, ఒక కాపీ డ్రాగన్‌గారికి కూడా పంపాలని మనవి.