నూరు పుస్తకాల జాబితాలో ఏ దేశానికి ఎన్ని సీట్లు?

2002లో నార్వే బుక్ క్లబ్బులు 54 దేశాలకు చెందిన వంద మంది రచయితలను అడిగాయి: ప్రపంచ సాహిత్యంలో అత్యుత్తమమైనవని మీరు నమ్మే పుస్తకాలు పదేసి చెప్పండి అని. వచ్చిన ఓట్లు లెక్కగట్టి వంద పుస్తకాలు ప్రకటించారు. వరస నంబర్లు వేయలేదు. సెర్వాంటెస్ 'డాన్ కిహోటే'కు మాత్రం అన్నిటికన్నా ఎక్కువ ఓట్లు పడ్డాయన్నారు. ఈ బాపతు జాబితాల్లో ఇంత పెద్ద మనసుతో చేసినవి తక్కువ. విప్పి చూడాల్సిందీ అందుకే. నాసిరకం జాబితాలో తప్పులు వెతకడం ఎవరైనా చేస్తారు.

అందులో మన వాటా నాలుగు: మహాభారతం, వాల్మీకి రామాయణం, కాళిదాసు శాకుంతలం, రష్దీ 'మిడ్‌నైట్స్ చిల్డ్రన్'. ఫరవాలేదే అనిపిస్తుంది. 'దేశం' అన్న గడి పక్కన 'మూలభాష' అని ఇంకో గడి గీయండి. మూడు సంస్కృతం, ఒకటి ఇంగ్లీషు. హిందీ, బెంగాలీ, ఉర్దూ, తమిళం, తెలుగు అన్నీ సున్నా. 1913లోనే నోబెల్ అందుకున్న టాగూర్‌కూ చోటు లేదు. చైనాకు దక్కింది ఒక్క లూ షున్. అప్పటికి మూడు లక్షల జనాభా కూడా లేని ఐస్‌లాండ్‌కు మాత్రం రెండు. నార్వే నుంచి ఇబ్సెన్, హామ్సున్, డెన్మార్క్ నుంచి ఆండర్సన్, స్వీడన్ నుంచి పిల్లల రచయిత్రి లిండ్‌గ్రెన్ కూడా కలిస్తే నార్డిక్ దేశాలవి ఆరు. జాబితా ఏ ఊళ్లో తయారైందో చెప్పకపోయినా పట్టేయొచ్చు.

ఇందులో కుట్రేమీ లేదు, ఉన్నదంతా కూడికలే. వంద మంది, తలా పది, మొత్తం వెయ్యి ఓట్లు. ఒక పుస్తకాన్ని ఒకరు నెత్తిన పెట్టుకుంటే చాలదు. ఒకరికొకరు ముఖపరిచయం లేని పలువురు, వేర్వేరు భాషల్లో, దాన్నే చదివి ఉండాలి. దాస్తయెవ్‌స్కీవి నాలుగు, టాల్‌స్టాయ్, కాఫ్కా, షేక్‌స్పియర్‌లవి మూడేసి వచ్చాయంటే, ఓట్లు పుస్తకాల మధ్య చీలినా తట్టుకునేంత మంది పాఠకులు వాళ్లకు ఎప్పుడో తయారై ఉన్నారు. అనువాదమే కాని పుస్తకానికి ఆ ప్యానెల్‌లో దొరికేది దాని భాష వాళ్ల ఓటే. అదీ ఆ భాష వాళ్లను పిలిచి ఉంటే.

లెక్క వేసేవాళ్లు ఎక్కువగా బోల్తా పడేది 'దేశం' గడి దగ్గరే. కాఫ్కా పుట్టింది ప్రాగ్‌లో, రాసింది జర్మన్‌లో, చనిపోయాక 'ది ట్రయల్' అచ్చయింది బెర్లిన్‌లో. ఆయన్ని ఎవరి ఖాతాలో వేస్తారు? రష్దీ పుట్టింది బొంబాయి, పుస్తకం వెలువడింది లండన్. కాబట్టి ఒక గడి సరిపోదు. పుట్టిన చోటు, మూలభాష, మొదట అచ్చయిన నగరం అని మూడు ఉండాలి. ఈ మూడో గడి నింపితే చాలా జాబితాల్లో లండన్, న్యూయార్క్, పారిస్ పేర్లే మళ్లీ మళ్లీ వస్తాయి.

ఓటింగ్ పద్ధతి కూడా ఫలితాన్ని ముందే సగం రాసేస్తుంది. 1999లో ఫ్రాన్స్‌లో 'ల మోంద్' పత్రిక, పుస్తకాలమ్మే ఫ్నాక్ దుకాణాలు కలిసి 20వ శతాబ్దపు వంద పుస్తకాలు ఎంచినప్పుడు 17,000 మంది ఓటేశారు. వాళ్ల ముందు పెట్టింది అప్పటికే వడపోసిన 200 పేర్లు. మొదటి స్థానం కామూకు, రెండోది ప్రూస్ట్‌కు. తలుపులు బార్లా తెరిస్తే ఏమవుతుందో అంతకు ముందు ఏడాదే తేలింది. అమెరికా ప్రచురణ సంస్థ మోడర్న్ లైబ్రరీ చేసిన ఇంగ్లీషు నవలల జాబితాలో దాని సలహా మండలి జాయిస్ 'యులిసీస్'ను మొదట నిలబెట్టింది. పాఠకుల ఆన్‌లైన్ ఓటులో అమెరికన్ రచయిత్రి అయాన్ రాండ్ అగ్రస్థానం కొట్టేసింది. మొదటి పదిలో ఆమెవి నాలుగు, సైంటాలజీ స్థాపకుడు రాన్ హబ్బర్డ్‌వి మూడు! అభిమాన సంఘాల బలం తెలుసుకోవడానికి తప్ప ఆ రెండో జాబితా దేనికీ పనికిరాదు.

2024లో న్యూయార్క్ టైమ్స్ 503 మందిని అడిగి చేసిన 21వ శతాబ్దపు జాబితాలో ఇటాలియన్ నుంచి వచ్చిన ఫెరాంటే నవలకు మొదటి స్థానం దక్కింది. అనువాదాలకు మంచి రోజులొచ్చాయని సంబరపడేముందు నిబంధన చూడాలి: 2000 జనవరి 1 నుంచి అమెరికాలో, ఇంగ్లీషులో అచ్చయిన పుస్తకమై ఉండాలి. అక్కడ వచ్చే పుస్తకాల్లో అనువాదాల వాటా మూడు శాతమని ఎప్పటినుంచో చెప్పుకునే లెక్క. అనువాదాలకిచ్చే ఇంటర్నేషనల్ బుకర్ బహుమతిదీ ఇదే పేచీ. ఇంగ్లీషు అనువాదం బ్రిటన్‌లోనో ఐర్లండ్‌లోనో ప్రచురణ కావాలి. 2022లో హిందీ (గీతాంజలి శ్రీ), 2025లో కన్నడం (బాను ముష్తాక్) గెలిచింది అక్కడి చిన్న ప్రచురణ సంస్థల చేతి మీదుగానే. తెలుగు పుస్తకానికి ఢిల్లీలో మాత్రమే అచ్చయిన ఇంగ్లీషు అనువాదం ఎంత బాగున్నా పోటీకే రాదు.

మన జాబితాలూ ఇందుకు అతీతం కావు. తెలుగువాళ్ల 'చదవాల్సిన పుస్తకాల' పట్టికల్లో రష్యా వాటా ఏ ఇంగ్లీషు జాబితాలోనూ కనిపించనంత పెద్దది. మాస్కో నుంచి తెలుగులో అచ్చయి, విశాలాంధ్ర దుకాణాల్లో కారుచౌకగా దొరికిన పుస్తకాల పుణ్యం అది. గోర్కీ 'అమ్మ'ను క్రొవ్విడి లింగరాజు తెలుగు చేయకపోతే మనకు ఆ అమ్మ ఇంత దగ్గరయ్యేదా? చక్రపాణి అనువాదాల పుణ్యమా అని బెంగాలీ నవలాకారుడు శరత్‌ను తెలుగు రచయితే అనుకున్నవాళ్లున్నారు. లాటిన్ అమెరికా, అరబ్బు దేశాల గడులు వెలవెలబోతుంటే అది పాఠకుల అభిరుచి లోపం కాదు. ఆ దారిలో డబ్బు పెట్టి అనువదించిన సంస్థలు తక్కువ.

జాబితా చేసేవాళ్లు పుస్తకం పేరు పక్కన అనువాదకుడి పేరు, ప్రచురణకర్త, అది పూర్తి పాఠమా సంక్షిప్తమా అన్న మూడు వివరాలూ రాయాలి. మనవాళ్లు సాధారణంగా ఎగ్గొట్టేది ఇదే. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ తెచ్చిన సహవాసి 'ఏడు తరాలు' అలెక్స్ హేలీ 'రూట్స్'కు సంక్షిప్త రూపం. 'రూట్స్' చదివేశామని టిక్కు పెట్టుకున్న తెలుగు పాఠకుల్లో ఎక్కువమంది చదివింది దాన్నే.