ఘాట్ ఎక్కని పద్మినికి పెద్ద జెట్ వెయ్యమనే సలహా

రెండు వారాలుగా రాయగడ నుంచి బరంపురం దాకా మన తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే సందేశం తిరుగుతోంది. నాకొక్కడికే ఆరుగురు పంపారు. వాళ్ళలో ఇద్దరికి కారే లేదు. సారాంశం ఇదీ: పాత పద్మిని, అంబాసిడర్ ఉన్నవాళ్ళు మెకానిక్‌కి డబ్బులు పొయ్యక్కర్లేదు. గాలీ పెట్రోలూ కలిపి ఇంజనుకిచ్చే కార్బురేటర్‌ని విప్పి రాత్రంతా కిరసనాయిల్లో నానబెట్టాలి. సన్నతీగతో జెట్లు, అంటే పెట్రోలుని కొలిచి వదిలే సన్నరంధ్రాల మరలు, పొడవాలి. రిపేర్ కిట్టు వేస్తే కొత్తదైపోతుంది. మైలేజీ కోసం మిక్చర్ స్క్రూ, అంటే గాలి, పెట్రోలు పాళ్ళు సరిచేసేది, చివరిదాకా బిగించాలి. ఘాట్‌లో దమ్ము చాలకపోతే మెయిన్ జెట్ పెద్దది వెయ్యాలి. ఇదంతా అయ్యాక ఆఖరి వాక్యం: ఇథనాల్ పెట్రోలుకి ఈ బళ్ళు బతకవు, తుక్కుకి అమ్మెయ్యండి. అమ్మేసేదానికి రాత్రంతా కిరసనాయిలు స్నానం దేనికో!

మాది కొరాపుట్ జిల్లా జైపూర్. స్కూలు సెలవులన్నీ మావయ్య షెడ్డులోనే గడిచాయి. షెడ్డు ఇప్పుడు లేదు గానీ ఆయన పద్మిని నా దగ్గరే ఉంది. 1089 సీసీ ఇంజను, దాని మీద సోలెక్స్ కార్బురేటర్. ఆ చనువుతోనే రాస్తున్నాను.

ముందు ఘాట్ సంగతి. మన వైపు బళ్ళకి ఎక్కువ చేటు చేసే సలహా అదే. సాలూరు దాటి సుంకి మీదుగా కొరాపుట్ ఎక్కామంటే సముద్రమట్టానికి 870 మీటర్ల దాకా వచ్చినట్టు. అక్కడ గాలి కింద ఉన్నదాని కంటే సుమారు 8 శాతం పలచన. పీల్చే గాలి తగ్గితే ఇంజను బలం కూడా దాదాపు అంతే తగ్గుతుంది. నలభై గుర్రాల ఇంజన్లో మూడు గుర్రాలు సుంకి దగ్గరే దిగిపోయాయనుకోండి. ఏ జెట్ వేసినా అవి తిరిగి రావు. పైగా గాలి తగ్గినంతగా పెట్రోలు తగ్గదు. గాలి 8 శాతం తగ్గితే జెట్లోంచి వచ్చే పెట్రోలు 4 శాతమే తగ్గుతుంది. అంటే ఎత్తుకి వెళ్ళేకొద్దీ మిక్చర్ దానంతటదే రిచ్ అవుతుంది, గాలికి పెట్రోలు ఎక్కువవుతుంది. అలాంటిచోట పెద్ద జెట్ వెయ్యడమంటే కడుపు ఉబ్బరంగా ఉందన్నవాడికి ఇంకో రెండు గరిటెలు వడ్డించడమే. నమ్మకపోతే కొరాపుట్లో ఆగి ఒక స్పార్క్ ప్లగ్ ఊడదీసి చూడండి. పొడి మసి పట్టి నల్లగా ఉంటే రిచ్, లేత ఇటుకరంగులో ఉంటే సరిగ్గా ఉన్నట్టు, తెల్లగా సున్నం కొట్టినట్టుంటే లీన్, అంటే పెట్రోలు తక్కువైనట్టు. ప్లగ్ చూడకుండా జెట్ మీద చెయ్యి వెయ్యకండి.

దమ్ము చాలకపోవడం కాదు, బండి ఘాట్ మధ్యలో ఆగే పోయిందంటారా? ఎండాకాలంలో దానికి కార్బురేటర్ కారణం కాకపోవచ్చు. పెట్రోలు పంపు ఇంజనుకే అంటుకుని ఉంటుంది. రెండో గేర్లో అరగంట మూలిగేసరికి ఆ వేడికి పంపులో, గొట్టంలో పెట్రోలు ఆవిరైపోతుంది. పంపు ఆవిరిని తొయ్యలేదు. మావయ్య డిక్కీలో ఎప్పుడూ ఒక పాత తువ్వాలు, నీళ్ళ సీసా ఉండేవి. బండి ఆగగానే బానెట్ ఎత్తి, తువ్వాలు తడిపి పంపుకి చుట్టేవాడు. దాహమేసి నేను సీసా అందుకోబోతే, "ఒరేయ్, ముందు పంపుని తాగనీ, తర్వాత నువ్వు తాగుదువుగాని" అనేవాడు. పది నిమిషాల్లో బండి కదిలేది.

ఇక తీగ. ఈ తప్పు నేనూ చేశాను, కాబట్టి గట్టిగానే చెప్తాను. సోలెక్స్ జెట్ మీద 120 అని ఉంటే దాని రంధ్రం 1.20 మిల్లీమీటర్లని అర్థం. దాన్ని 1.25 చేస్తే పెరిగింది మిల్లీమీటరులో ఇరవయ్యో వంతేగా అనిపిస్తుంది, కానీ రంధ్రం వైశాల్యం ఎనిమిదిన్నర శాతం పెరుగుతుంది. స్లోలో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజను ఆడేటప్పుడు, పెట్రోలిచ్చే స్లో జెట్ ఇంకా సున్నితం. 45 కాస్తా 50 అయితే 23 శాతం తేడా. జెట్ చేసేది ఇత్తడితో, మీరు దూర్చేది ఉక్కు తీగ. ఏది అరుగుతుందో వేరే చెప్పాలా? నేను పొడిచిన జెట్‌ని మావయ్య వెలుతురుకి పెట్టి భూతద్దంలో చూపించాడు. రంధ్రం అంచున గోరు గీసినట్టు ఒక గాటు. ఆ బండి స్లోలో పొగ కక్కుతూనే ఉంది, కొత్త జెట్ పడేదాకా. జెట్‌ని కార్బ్ క్లీనర్ కొట్టి, గాలి ఊదాలి. అప్పటికీ వదలకపోతే చీపురుపుల్లో, నైలాన్ పోగో చాలు.

కిరసనాయిలు జిడ్డు వదిలిస్తుంది, ఒప్పుకుంటాను. కానీ ఎండిపోయిన పెట్రోలు కట్టిన గోధుమరంగు పొర దానికి లొంగదు. యాక్సిలరేటర్ తొక్కగానే పెట్రోలు చిమ్మే చిన్న పంపు కార్బురేటర్లోనే ఉంటుంది. దాని డయాఫ్రమ్ (రబ్బరు పొర) తియ్యకుండా మొత్తం ముంచారంటే అది ఉబ్బి, పికప్ పోతుంది.

కిట్టు మాట సగమే నిజం. కిట్టులో గాస్కెట్లు, పెట్రోలు రాకని ఆపే నీడిల్ వాల్వ్, డయాఫ్రమ్ వస్తాయి. అవి మార్చాల్సిందే. కానీ ముప్ఫై ఏళ్ళ కార్బురేటర్లో అసలు అరిగేది థ్రాటిల్ స్పిండిల్, అంటే గాలిదారి తలుపు ఇరుసు, తిరిగే రంధ్రం. ఆ సందులోంచి దొంగగాలి దూరుతుంది. అప్పుడు స్లో నిలవదు, లేస్తూ పడుతూ ఉంటుంది. పరీక్ష తేలికే. ఇంజను స్లోలో ఉండగా స్పిండిల్ పక్కన రెండు చుక్కలు నూనె వెయ్యండి. స్లో మారిందా, గాలి అక్కడ్నుంచే వస్తోంది. అది లేతు దగ్గర బుష్షు వేయించే పని, కిట్టుతో తీరదు. ఇంకోటి కార్బురేటర్‌ని ఇంజనుకి బిగించే కింది ఫ్లాంజ్. నట్లు మరీ బిగించీ బిగించీ దాని చెవులు వంగిపోతాయి. చదునైన గాజుపలక మీద ఎమరీ పేపర్ పరిచి రుద్దితే మెరిసే చోటు, మెరవని చోటు వంపెక్కడుందో చెప్పేస్తాయి. గిన్నెలో తేలుతూ పెట్రోలు మట్టాన్ని నిలిపే ఫ్లోట్ సంగతి కూడా సందేశంలో లేదు. చెవి దగ్గర పెట్టి ఊపండి. లోపల పెట్రోలు గలగలలాడితే చిల్లు పడినట్టే. వేణ్ణీళ్ళలో ముంచితే చిల్లు దగ్గర బుడగలొస్తాయి. ఫ్లోట్ మునిగిందంటే ఎంత మంచి జెట్ వేసినా దండగే.

మిక్చర్ స్క్రూ చివరిదాకా బిగించడం ఈ సందేశంలో కెల్లా తెలివితక్కువ మాట. అది స్లోకి సంబంధించిన స్క్రూ. అరవై మీద వెళ్తుంటే పెట్రోలు వచ్చేది మెయిన్ జెట్‌లోంచి, ఈ స్క్రూ ఊసే ఉండదు. గట్టిగా బిగిస్తే దాని సూదిమొన మీద గాడి పడి ఇక ఏ సెట్టింగూ నిలవదు. ముందు నిప్పురవ్వ ఇప్పించే పాయింట్ల గ్యాప్, ఆ రవ్వ పడే టైమింగ్, వాల్వుల టాపెట్లు సరిచూసుకోవాలి. స్క్రూని వేలితో ఆగేదాకా తిప్పి, ఒకటిన్నర చుట్టు వెనక్కి తియ్యాలి. ఇంజను బాగా వేడెక్కి, చోక్ పూర్తిగా తెరుచుకున్నాక, మెల్లగా తిప్పుతూ స్లో ఎక్కడ ఎక్కువగా పలుకుతుందో వినాలి. అక్కణ్ణుంచి ఒక్క పిసరు లోపలికి. తర్వాత థ్రాటిల్ స్క్రూతో స్లో తగ్గించి మళ్ళీ ఒకసారి. చెవి కుదరడానికి నాకు రెండేళ్ళు పట్టింది, మీకు తొందరగానే రావచ్చు.

చివరిది ఇథనాల్. భయంలో కొంత నిజముంది. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు 2023 ఫిబ్రవరిలో మొదలైంది. పద్మిని తయారైన రోజుల్లో ఆ ఊసే లేదు. ఇథనాల్ పాత రబ్బరుని ఉబ్బిస్తుంది, చెమ్మని లాక్కుంటుంది. వర్షాకాలంలో రెండు నెలలు కదలని బండి ఫ్లోట్ గిన్నె తెరిస్తే అడుగున తెల్ల బూడిదలాంటి పొడి కనిపించేది అందుకే. దానికి మందు గొట్టాలు, డయాఫ్రమ్ కొత్త రకం రబ్బరువి వేసుకోవడం, బండి ఊరికే పెట్టేముందు గిన్నె ఖాళీ చెయ్యడం. అమ్మెయ్యడం కాదు.

మిక్చర్ మాటకొస్తే, ఒక పాలు మామూలు పెట్రోలుకి 14.7 పాళ్ళ గాలి కావాలి, ఇథనాల్ కలిసినదానికి 13.5 చాలు. అదే జెట్‌తో నడిపితే 8 శాతం లీన్ అయినట్టు. కింద విశాఖలోనో విజయనగరంలోనో నడిపేవాళ్ళు ప్లగ్ తెల్లబడితే ఒక మెట్టు పెద్ద జెట్ వేసుకోవచ్చు. కానీ ఇందాక చెప్పిన లెక్క గుర్తుందా? కొరాపుట్ ఎత్తు మిక్చర్‌ని 4 శాతం రిచ్ చేస్తుంది. ఇథనాల్ తీసుకున్నదాంట్లో సగం కొండే తిరిగిచ్చేస్తోంది. జైపూర్ కొంచెం కిందికి కాబట్టి మాకు సగానికి కాస్త తక్కువ. నా బండిలో ఇప్పటికీ పాత జెట్టే ఉంది, ప్లగ్ లేత ఇటుకరంగే. ఒక మెట్టు పెద్దది మాత్రం అగ్గిపెట్టెలో పెట్టి డ్యాష్‌బోర్డు గూట్లో పడేశాను, ఎప్పుడైనా విశాఖలో నెల్లాళ్ళు ఉండాల్సొస్తే వేసుకుందామని.