నో డ్యూస్ సర్టిఫికెట్ గారికి ఒక మనవి

విషయం: ఉద్యోగం వదులుకోవడానికి తమరి దయ కోరడం గురించి.
సూచిక: 1. నా రాజీనామా లేఖ. 2. దానిపై కొర్రీ. 3. కొర్రీకి నా జవాబు. 4. ఆ జవాబుపై కొర్రీ.

అయ్యా,

ఈ కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో ఇన్నేళ్లూ ఒక మూల సీటులో పనిచేసినా నేనున్న సంగతి ఎవరికీ పట్టలేదు. రాజీనామా ఇచ్చి, ‘ఇతను మాకేమీ బాకీ లేడు’ అని చెప్పే తమరి కోసం ప్రతి సెక్షను సంతకానికీ తిరగడం మొదలుపెట్టిన మర్నాటి నుంచి అందరికీ కావలసినవాణ్ణయ్యాను. క్యాషు సెక్షనుకు నా పాత టీఏ (ప్రయాణ భత్యం) బిల్లు కావాలి. గ్రంథాలయానికి నేనెన్నడూ తీసుకోని పుస్తకం కావాలి. గ్రంథాలయమంటే మెట్ల కింద తాళం వేసిన బీరువా. తాళంచెవి ఉన్న ఉద్యోగి ఎప్పుడో రిటైరయ్యారు. ఆయనకు తమరు ఎలా దక్కారో!

అసలు పేచీ స్టోర్సులో వచ్చింది. సామాన్ల లెక్క రాసే డెడ్ స్టాకు రిజిస్టరులో నా పేరుకెదురుగా ‘ఇనుప స్టూలు, 1’ అని ఉంది. అది నాకంటే ముందు ఆ సీటులో ఉన్నవారిది. ఛార్జి అప్పగింతలో నా నెత్తిన పడింది. వెతగ్గా క్యాంటీనులో నీళ్ల క్యాను కింద దొరికింది. తుప్పు గీకి చూస్తే, తెల్లరంగుతో రాసిన నంబరులో ఆఖరి అంకె సగం చెరిగిపోయింది. అది రిజిస్టరులో ఉన్నట్టు 3 అయితే నేను స్వేచ్ఛాజీవిని, 8 అయితే బాకీదారుని. తేల్చడానికి కమిటీ వేశారు. సభ్యుల్లో ఒకరు సెలవులో ఉన్నారు.

ఇష్టంలేని ఉద్యోగిని పట్టి ఉంచడం ప్రభుత్వానికి మేలు కాదని, రాజీనామాను మామూలుగా ఆమోదించాలని 1988 ఫిబ్రవరి 11 నాటి ఉత్తర్వులోనే ఉంది. దాని నకలు జతచేశాను. ‘ప్రతి స్పష్టంగా లేదు’ అని తిరిగొచ్చింది.

మౌనం అర్ధాంగీకారమంటారు. 20 ఏళ్ల సర్వీసు నిండినవారు మూడు నెలల నోటీసుతో స్వచ్ఛంద విరమణ కోరితే, గడువులోగా ఎవరూ కాదనకపోతే అది పూర్ణాంగీకారమే. దర్జాగా ఇంటికి వెళ్లవచ్చు. నాబోటి రాజీనామాదారుడికి మాత్రం మౌనం ఉత్త మౌనమే. ఆమోదించి, విధుల నుంచి విడుదల చేసేదాకా నేను ఉద్యోగినే. విసిగి రావడం మానేస్తే అనధికార గైర్హాజరు, దానిపై ఛార్జిషీటు. ఛార్జిషీటు ఉన్నవాడి రాజీనామా ఆమోదించాలా వద్దా అన్నది మళ్లీ వేరే ఫైలు! పైగా విరమణ పొందేవారికి 300 రోజుల దాకా ఆర్జిత సెలవుకు డబ్బిస్తారు. నాకు నిల్వలో సగానికే, అదీ 150 రోజులకు మించకుండా. వెళ్తానన్నవాడికి కోత ఉంది గానీ వెళ్లనివ్వనివారికి లేదు.

ఇంతకీ నా సందేహం వేరు. తమరు ఒకవైపే ఎందుకు పుట్టారు? కోవిడ్ పేరుతో 2020 జనవరి నుంచి 2021 జూన్ దాకా 18 నెలలు కరువు భత్యం పెంపు ఆపారు. ఆ తర్వాత రేటును 17 నుంచి 28 శాతానికి పెంచారు గానీ, ఆ నెలల బకాయి ఇవ్వలేదు. అప్పుడు ప్రభుత్వమేమీ నా బల్ల దగ్గరికి వచ్చి ‘ఈ ఉద్యోగికి మేం బాకీ లేం’ అన్న కాగితం మీద సంతకం అడగలేదు. అడిగి ఉంటే నేనూ ఒక కమిటీ వేసేవాణ్ణి, సభ్యుణ్ణి సెలవు మీద పంపేవాణ్ణి.

పోనీ, స్టూలు ఖరీదు కట్టేస్తానన్నాను. ఏ పద్దు కింద జమచేయాలో తెలియదన్నారు. స్పష్టత కోసం పైకి రాశారట. కొత్త ఉద్యోగంవారు ఎప్పుడు చేరతారని ఫోను చేస్తే ఇదంతా వివరించబోయాను. స్టూలు దగ్గరికి వచ్చేసరికి పెట్టేశారు.

కాబట్టి తమరు దయతలచి ఆ అంకె 3 అని భావించి, త్వరగా నా చేతికి రావలసిందిగా ప్రార్థన.

ఇట్లు,
తమ విధేయుడు (ఆమోదం అందే వరకు)

నకలు: ఇన్వార్డు సెక్షనుకు. దీనికి మరో ఫైలు తెరవవద్దని మనవి.