డిక్కీలో కోటు

మా మావయ్యగారు మండల సర్వేయరుగా చేసి రిటైరయ్యారు. తెనాలి చుట్టుపక్కల పొలం గట్ల మీద ముప్పై నాలుగేళ్లు గొలుసు లాగించిన మనిషి. ఎక్కడికెళ్లినా ముందు నేల కొలత చూస్తారు, ఆ తర్వాతే మనుషుల్ని. 2024 జులై ఆఖర్లో అత్తయ్యగారితో కలిసి అమెరికాలో, కొలంబస్‌లో మా ఇంటికి వచ్చినప్పుడు, రెండు విమానాలు మారి, గుమ్మంలో కాలు పెట్టీ పెట్టగానే "ఇది ఎన్ని సెంట్లు అల్లుడుగారూ?" అన్నారు. నేను చెప్పిన లెక్క తప్పని సాయంత్రానికల్లా పెరట్లో అడుగులేసి తేల్చారు కూడా.

ఈ ఆరు నెలలూ ఆయనకి పొద్దెలా గడుస్తుందా అని మా ఆవిడా నేనూ తెగ బెంగపడ్డాం. తెలుగు ఛానళ్లు పెట్టించాం. లైబ్రరీ కార్డు తీసుకున్నాం. చివరికి ఆ బెంగ తీర్చింది ఒహాయో స్టేట్ యూనివర్సిటీ కుర్రాళ్లు.

తొమ్మిదేళ్లుగా ఈ ఊళ్లో ఉంటున్నా వాళ్ల అమెరికన్ ఫుట్‌బాల్‌తో నాకున్న సంబంధం ఒక్కటే. ఆట నడిచే మూడున్నర గంటలూ కూరగాయల కొట్టు ఖాళీగా ఉంటుంది. ఆగస్టు 31న కూడా సంచులు పట్టుకుని బయల్దేరుతుంటే హాల్లోంచి కేక వినపడింది.

"అల్లుడుగారూ, ఒక్కసారి ఇలా రండి. అది గొలుసే కదూ?"

టీవీలో సీజన్ మొదటి ఆట, అక్రన్ జట్టుతో. మైదానం గీత పక్కన ఇద్దరు మనుషులు చెరో కర్రా పట్టుకుని నిలబడ్డారు. మధ్యలో గొలుసు. నాకు తెలిసినంత చెప్పాను. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు జరగాలి. జరిగితే మళ్లీ నాలుగు, జరక్కపోతే బంతి అవతలివాళ్లకి. ఆ పది గజాలు కొలవడానికే ఈ గొలుసు.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. "అయితే ఇది బంతాట కాదండీ, గట్టు తగాదా!"

నేను కూరగాయలు తెచ్చేసరికి కరెంటు బిల్లు వెనక లెక్క సిద్ధంగా ఉంది. పొడవు 120 గజాలు, వెడల్పు 53 గజాల 1 అడుగు, వెరసి 1 ఎకరం 32 సెంట్లు. 1922లో కట్టిన ఆ స్టేడియంలో 1,02,780 మంది పడతారని చెబితే ఆయన నమ్మలేకపోయారు. "ఎకరంన్నర కూడా లేని చెక్క కోసం లక్షమందా! మా రోజుల్లో ఎంత పెద్ద తగాదాకైనా యాభై మందే వచ్చేవారు. కాకపోతే వాళ్లు కర్రలతో వచ్చేవాళ్లు."

ఆయనకి మింగుడుపడనిది మాత్రం ఒకటుంది. అంతమంది ఒకరి మీద ఒకరు కుప్పగా పడతారు. అడుగునెక్కడో బంతి. రిఫరీ వచ్చి, అటూ ఇటూ చూసి, కంటి అంచనాతో బంతిని ఒకచోట పెడతాడు. కావలిస్తే అక్కణ్ణుంచి గొలుసు తెప్పించి అంగుళాలతో సహా కొలుస్తారు. "రాయి ఎక్కడుందో తెలియకుండా రాయి నుంచి కొలవడమేమిటండీ? నేనిలా చేసుంటే సస్పెండ్ చేసేవాళ్లు" అని ప్రతి శనివారం అన్నారు. ఇప్పటికీ నా దగ్గర దీనికి జవాబు లేదు.

అక్రన్ మీద 52–6, వెస్టర్న్ మిషిగన్ మీద 56–0, మార్షల్ మీద 49–14. ఇవి ఆటలు కావని, అవతలివాడు కోర్టుకే రాని ఎక్స్‌పార్టీ డిక్రీలని కొట్టిపారేశారు. అత్తయ్యగారికి ఆట పట్టలేదు గానీ జట్టు పేరు, 'బకైస్', నచ్చింది. బకై అంటే ఒక చెట్టుకాయ. గోధుమరంగులో నిగనిగలాడుతూ ఉంటుంది. మా వీధి చివర రాలి ఉంటే నాలుగు ఏరుకొచ్చి, "కుంకుడుకాయకి వేలువిడిచిన చుట్టంలా ఉందే" అన్నారు. వెతికి చూస్తే నిజంగానే రెండూ ఒకే కుటుంబం చెట్లు! వాళ్ల బ్యాండువాళ్లు మైదానంలో వరసగా నడుస్తూ 'ఒహాయో' అనే అక్షరాలు రాసే వీడియో చూపించాను. చివర్లో పెద్ద బాకా మోసే అతను గంతులేసుకుంటూ వెళ్లి 'ఐ' మీద చుక్కయి నిలబడతాడు. లక్షమంది కేకలేస్తారు. అత్తయ్యగారు పెదవి విరిచారు. "ముగ్గంతా అయిపోయాక చుక్క పెట్టడమేంటి? పిల్లలు, నేర్పేవాళ్లు లేరు పాపం."

అక్టోబర్ 12న ఓరెగన్‌లో మొదటి దెబ్బ తగిలింది. ఆఖరి పది సెకన్లు. మనవాళ్లు (అప్పటికే 'మనవాళ్లు' అయిపోయారు) ఒక్క పాయింటు వెనక. అప్పుడు ఓరెగన్ పదకొండుమందికి బదులు పన్నెండుమందిని దింపింది. తప్పే. శిక్ష అయిదు గజాలు. కానీ ఆ గొడవలో నాలుగు సెకన్లు కరిగిపోయాయి, అవి వెనక్కి రావు. 32–31తో పోయింది. ఇల్లంతా ఉసూరుమంటే మావయ్యగారు మాత్రం మెచ్చుకోలుగా తలాడించారు. "అక్రమంగా మేడ కట్టి, జరిమానా కట్టి క్రమబద్ధం చేయించుకున్నాడు. ఆ కోచ్‌కి మన వైపు చుట్టాలు ఉండే ఉంటారు." ఆ తర్వాతి వారమే ఈ కిటుకు పనిచెయ్యకుండా నిబంధన సవరించారు. "జీవో వచ్చేసరికి మేడ లేచిపోయింది కదా" అన్నారు.

నవంబర్ వచ్చేసరికి ఊరి వాలకం మారింది. యూనివర్సిటీ వైపు వెళితే బోర్డుల మీద 'ఎమ్' అక్షరం కనబడ్డచోటల్లా ఎర్ర టేపుతో కొట్టేసి ఉంది. రోడ్డు వెడల్పు చెయ్యడానికి మున్సిపాలిటీవాళ్లు గుర్తులేశారని మావయ్యగారు అనుకున్నారు. కాదండీ, నవంబర్ 30న మిషిగన్‌తో ఆట, వీళ్లు ఆ పేరే పలకరు, 'ఆ ఉత్తరాది జట్టు' అంటారు అన్నాను.

"నేను ఈయన పేరు పలకనట్టా?" అన్నారు అత్తయ్యగారు.

"అది గౌరవం కొద్దీ కదండీ, ఇది కోపం కొద్దీ."

"నాది మాత్రం గౌరవమని ఎవరన్నారు?"

ఈ పగ ఎందుకని మావయ్యగారు ఆరా తీశారు. 1897 నుంచీ ఆడుతున్నారని, 2021 నుంచి వరసగా మూడుసార్లు మనం ఓడామని చెప్పాను. ఆయన తృప్తిపడలేదు. ఇంత పగ ఉందంటే అడుగున ఎక్కడో భూమి ఉండి తీరాలన్నారు. ఉంది! 1835లో టొలెడో ఊరి దగ్గరి భూమి మాదంటే మాదని ఒహాయో, మిషిగన్ కొట్టుకున్నాయి. పాత మ్యాపులో మిషిగన్ సరస్సు దక్షిణపు కొనని ఉన్నచోట కాకుండా ఇంకా ఉత్తరాన గీయడం వల్ల వచ్చిన తంటా. ఇద్దరికీ చెరో సర్వే గీత. ఒహాయో సర్వేయర్లు గీత గుర్తులు పెడుతుంటే మిషిగన్ దండు వచ్చి తుపాకులు పేల్చింది. తొమ్మిదిమందిని పట్టుకెళ్లి లోపలేసింది.

మావయ్యగారు కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. "సర్వేయర్లనా?"

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా చెప్పారు. ఒకసారి ఓ ఊళ్లో రైతులు ఆయన గొలుసు లాక్కుని బావిలో పడేశారట. ఆ గొలుసు ఖరీదు ఆయన జీతంలోనే కోశారట. "ఈ ఆట మనం నెగ్గాలి అల్లుడుగారూ" అన్నారు. చివరికి టొలెడో ఒహాయోకే దక్కిందని, మిషిగన్‌కి బదులుగా ఉత్తరాన బోలెడంత అడవీ భూమీ ఇచ్చారని నేను చెబుతూనే ఉన్నాను. ఆయన వినిపించుకునే స్థితిలో లేరు.

ఇక్కడ నా నేరం ఒప్పుకోవాలి. అంతకు నెల ముందు, చలి మొదలవుతోందని మావయ్యగారికి కోటు కొన్నాను. ఎనభై డాలర్లది పద్దెనిమిదికి ఇచ్చారు. అంత మంచి కోటు అంత చవగ్గా, అదీ కొలంబస్‌లో, ఎందుకిస్తున్నారని నాలాంటి తెలివైనవాడు ఆలోచించడు. కొట్లో లైట్లకి నల్లగా కనబడింది. బట్ట రంగు గుమ్మం బయట వెలుతురులో చూసుకోవాలని గుంటూరు చీరల కొట్లలో ముప్పైయేళ్లు తర్ఫీదు పొందిన అత్తయ్యగారు అంటూనే ఉంటారు. ఆ రోజు ఆవిడ నాతో రాలేదు.

నవంబర్ 30 పొద్దున చలి ఎముకలు కొరుకుతోంది. టికెట్లు కొనే తాహతు లేదు గానీ, కనీసం జనాన్నయినా చూద్దామని స్టేడియం పక్కన లేన్ అవెన్యూకి వెళ్లాం. కారు దిగి ఎండలోకి వచ్చాకే చూశాను. కోటు ముదురు నీలం. జిప్పు, కాలరు, చేతుల మీద చారలు పసుపుపచ్చ. ఆ వీధిలో ఉన్న వేలమందీ ఎరుపూ బూడిదరంగూ వేసుకుంటే, మధ్యలో మావయ్యగారు మిషిగన్ జెండాలాగా నడుస్తున్నారు.

"బూ..." అన్నారెవరో, నవ్వుతూనే. మావయ్యగారు నమస్కారం పెట్టారు. ఇంకో నలుగురు "బూ..." అన్నారు. వాళ్లకీ పెట్టారు. "ఎంత కలుపుగోలు మనుషులండీ!" అంటున్నారు. ఇంతలో ఎదురుగా నీలం టోపీ పెట్టుకున్న భారీ మనిషి ఒకడు, అన్నాళ్లకి అయినవాడు కనబడ్డట్టు మొహం వెలిగించుకుని, చెయ్యెత్తి "గో బ్లూ!" అన్నాడు. కోటు బాగుందన్నాడనుకుని మావయ్యగారు ఆ చేతిని ఫెడీమని చరిచి, మండలాఫీసు దద్దరిల్లే గొంతుతో "గో బ్లూ!" అన్నారు.

వీధంతా ఇటు తిరిగింది.

మా ఆవిడ చెవిలో విషయం చెప్పింది. ఆయన మొహం పాలిపోయింది. కోటు విప్పబోతే, నిమోనియా వస్తుందని ఆవిడ పట్టుకుంది. సరే, తిరగేసి తొడిగాం. లోపలి గుడ్డ మొత్తం పసుపుపచ్చ! దూరం నుంచి కూడా కనబడుతున్నారు. చివరికి అత్తయ్యగారు తన ఎర్ర శాలువా తీసి ఆయన భుజాల చుట్టూ కప్పారు. సన్మానం జరిగినవాడిలా, తలొంచుకుని, మావయ్యగారు కారు దాకా నడిచారు. "సర్వేయర్లని కొట్టినవాళ్ల రంగు వేసుకుని తిరిగానా!" అని దారంతా అదే మాట.

ఇంటికొచ్చి చూశాం. దేశంలో రెండో ర్యాంకు జట్టు మనది. అప్పటికి ఆరు గెలిచి అయిదు ఓడిన జట్టు వాళ్లది. మనవాళ్ల పాసులు రెండు వాళ్ల చేతుల్లో పడ్డాయి. బంతిని స్తంభాల మధ్యకి తన్ని మూడు పాయింట్లు తెచ్చుకునే ఫీల్డ్ గోల్స్ మనవి రెండు గురితప్పాయి. 45 సెకన్లుందనగా వాళ్లు ఫీల్డ్ గోల్ కొట్టి 13–10తో నెగ్గారు. వరసగా నాలుగోసారి. ఊళ్లో సగంమంది కోచ్ ర్యాన్ డేని తీసెయ్యాలన్నారు. మా ఇంట్లో మాత్రం ముద్దాయి ఎవరో ఖాయమైపోయింది. మావయ్యగారు చలిలో బయటికెళ్లి కోటుని కారు డిక్కీలో పడేసి, తాళం వేసి వచ్చారు.

సీజన్ అయిపోయిందనుకున్నాం. కానీ ఆ ఏడాదే దేశ ఛాంపియన్‌ని తేల్చే ప్లేఆఫ్‌కి నాలుగు జట్లకి బదులు పన్నెండు జట్లని తీసుకోవడం మొదలుపెట్టారు. రెండు ఓడినా మనవాళ్లకి ఎనిమిదో స్థానంలో చోటు దొరికింది. సప్లిమెంటరీ పరీక్ష అన్నమాట. డిసెంబర్ 21న టెనెసీ మీద 42–17తో నెగ్గారు. ఆట అవగానే మావయ్యగారు అడిగిన మొదటి మాట, "కోటు డిక్కీలోనే ఉందా?"

ఉంది. అక్కడితో అది శాసనమైపోయింది. ఎదురింటి ముసలాయనకి ఈ సంగతి చెబితే నవ్వుతాడేమో అనుకున్నాను. ఆయన గంభీరంగా విని, తను సెప్టెంబర్ నుంచీ ఉతకని చొక్కా ఒకటి చూపించి, "తాళం సరిగ్గా వేశారా?" అన్నాడు. జనవరి 1న ఓరెగన్‌తో మళ్లీ ఆట. మా ఆవిడ కారేసుకుని గుడికి వెళ్లింది. కోటు దిక్కు మారిందని మావయ్యగారు గుబులుపడ్డారు గానీ, కారు పార్కింగులో ఉండగా స్కోరు 34–0 అయింది. దిక్కుతో పనిలేదు, చలీ చీకటీ తాళమూ ఉంటే చాలని నిర్ధారించారు. జనవరి 10న టెక్సస్ మన గీతకి ఒక్క గజం దూరంలోకి వచ్చింది. అక్కణ్ణుంచి వెనక్కి జరిగింది, ఆఖరికి మన జాక్ సాయర్, బంతి విసిరే వాళ్ల క్వార్టర్‌బ్యాక్ చేతిలోంచి బంతి ఊడగొట్టి 83 గజాలు పరిగెత్తాడు. "గజం భూమి కోసం ఎనభై మూడు గజాలు పోగొట్టుకున్నవాణ్ణి ఇదే చూడటం" అన్నారు మావయ్యగారు.

ఫైనల్ జనవరి 20 రాత్రి, నోటర్ డేమ్‌తో. కానీ ఆరు నెలల గడువు ముంచుకొచ్చి, జనవరి 17నే వాళ్లకి తిరుగు ప్రయాణం. కోటు ఇక్కడే డిక్కీలో వదిలెయ్యమన్నాను. మంచి కోటు, పద్దెనిమిది డాలర్లు, ఎలా వదిలేస్తామన్నారు అత్తయ్యగారు. సూట్‌కేసులో అడుగున సర్దేశారు.

ఆట మొదలయ్యేసరికి తెనాలిలో మర్నాడు పొద్దున ఆరు. మా టీవీ ముందు ఫోను నిలబెట్టి వాట్సాప్‌లో వీడియో కలిపాను. అవతల మావయ్యగారి సగం మొహం, వెనక ఫ్రిజ్ తలుపు కనబడుతున్నాయి.

"కోటెక్కడుంది?" అన్నాను, ఉండబట్టలేక.

"తెనాలిలో చలెక్కడుందండీ! ఫ్రిజ్‌లో పెట్టాను. చలి, చీకటి. తాళం కూడా ఉంది, పాత మోడలు."

మూడో క్వార్టర్లో 31–7. ఇక అయిపోయిందనుకుంటుండగా వాళ్లు బంతిని మన చివరి గీత దాటించి టచ్‌డౌన్ చేశారు, ఆరు పాయింట్లు, పైన ఇంకో రెండు పాయింట్లు. 31–15. ఫోన్లో మావయ్యగారి కేక. "ఏమే! ఫ్రిజ్ తెరిచావా?"

"పాలు తీసుకోవద్దా? కాఫీ ఎవరిస్తారు మీకు?"

కాసేపటికి 31–23. నాలుగు నిమిషాలే మిగిలున్నాయి.

"మళ్లీ తెరిచావా!"

"దోసెల పిండి అందులో ఉందండీ. మీ కోటు కింద."

మనవాళ్లకి మూడో ప్రయత్నం, ఇంకా పదకొండు గజాలు కావాలి. ఫోన్లో చూస్తే మావయ్యగారు ఫ్రిజ్ తలుపుకి వీపు ఆనించి, చేతులు బార్లా చాపి నిలబడ్డారు. విల్ హవర్డ్ బంతి విసిరాడు. మొదటి ఏడాది కుర్రాడు జెరెమయా స్మిత్ దాన్ని అందుకున్నాడు. 56 గజాలు. ఎదురింటి ముసలాయన కేక మా గోడల్లోంచి వినపడింది. ఆ తర్వాత ఫీల్డ్ గోల్. 34–23.

"ఏవండీ, పెనం మాడిపోతోంది. ఇప్పుడైనా జరుగుతారా?"

మావయ్యగారు జరగలేదు. "గడియారంలో ఇంకా ఇరవై ఆరు సెకన్లుందే. ఆగు."