సఫైర్ పలకకు పూత రవ్వనా, ఉత్త సిలికానా?

(హనుమకొండల ఒక పాలిష్ ల్యాబ్. 2 అంగుళాల సఫైర్ పలకకు సిలికా పూసిన అల్యూమినా రవ్వ వాడాలంటది చెల్లె. ఉత్త కొల్లాయిడల్ సిలికా, అంటే నీళ్లల్ల తేలాడే సన్నటి సిలికా గింజలు, చాలంటడు అన్న.)

అన్న: కరీంనగర్ గ్రానైట్‌ల ఉండే క్వార్ట్జ్ గట్టితనం మోస్ లెక్కల 7. సఫైర్‌ది 9. దానికంటే మెత్తటి సిలికా దాన్ని అరగదీసుడు బలంతోటి కాదు, కెమిస్ట్రీతోటి. పీహెచ్ 10 దగ్గర సఫైర్ పైపొర నీళ్లు పట్టి మెత్తవడుతది, సిలికాతోటి కలిసి అల్యూమినోసిలికేట్ అయితది, పాలిష్ చేసే ప్యాడ్ దాన్ని తుడుస్తది. గీత పడదు. ఇంక పూత ఎందుకు?

చెల్లె: ఎన్ని గంటలు పడుతది అన్నా? ముందు వజ్రం పొడితోటి అరగదీసిన డైమండ్ ల్యాపింగ్ దెబ్బ పలక లోపలికి దిగి ఉంటది, అదంతా పోవాలె. పూత రవ్వల బలం లోపలి అల్యూమినాది, కెమిస్ట్రీ పైనున్న సిలికాది.

అన్న: అల్యూమినా, సఫైర్ రెండూ ఒకటే పదార్థం. రవ్వ మూల ఒక్కటి బోసిగ ఉన్నా గీకుతది. పూత నిండుగ పట్టిందని ఎట్ల నమ్మాలె?

చెల్లె: జీటా, అంటే నీళ్లల్ల రవ్వ పైన ఉండే ఛార్జి, కొలుస్తే తెలుస్తది. అల్యూమినా ఛార్జి సున్నా అయ్యేది పీహెచ్ 9 అటూఇటూ, సిలికాది 2, 3 మధ్య. పీహెచ్ 6 దగ్గర బోసి రవ్వ ప్లస్ చూపిస్తది, పూత పట్టింది గట్టి మైనస్. నడుమ ఎక్కడో ఆగితే ఆ బ్యాచ్‌ను పలక దగ్గరికి రానియ్యొద్దు.

అన్న: పూత పూసుడే కష్టం కదా.

చెల్లె: కష్టమే, లెక్క తప్పితే. 200 నానోమీటర్ల రవ్వకు 10 నానోమీటర్ల పూత అంటే, 100 గ్రాముల అల్యూమినాకు సుమారు 18 గ్రాముల సిలికా. సిలికానిచ్చే ద్రవం టియోస్ రూపంల 63 గ్రాములు. ముందుగాల ఆల్కహాల్, నీళ్లల్ల అల్ట్రాసౌండ్ పెట్టి రవ్వను విడగొట్టాలె. ముద్ద మీద పూత పడితే, ప్యాడ్ కింద ముద్ద పలిగినప్పుడు లోపలి బోసి అల్యూమినా బయటికొస్తది. తర్వాత అమ్మోనియా కలిపి టియోస్‌ను చుక్క చుక్క వెయ్యాలె. ఒక్కసారే పోస్తే సిలికా రవ్వకు పట్టదు, విడిగ గింజ కడుతది.

అన్న: మరి పూత పట్టిన రవ్వను కాల్చినప్పుడు? వేడి ఎక్కువైతే రవ్వలు అతుక్కుంటయి. అసొంటి గడ్డ ఒక్కటి చాలు, పలక ఖరాబ్.

చెల్లె: కాల్చను, ఎండబెట్టను. కడిగి తడిగనే ఉంచుత. ఆ గండం నీ సిలికాకు లేదా అన్నా? మన ఎండకాలం మధ్యాహ్నం ప్యాడ్‌ను తడి ఆరనిస్తే అంచులకు గట్టి పెచ్చులు కడుతది, మల్ల నీళ్లు పోసినా కరగయి.

అన్న: అది నిజమే. కానీ స్లరీని, అంటే రవ్వ కలిపిన నీళ్లను, తిప్పితిప్పి వాడితే నీ పూత అరగదా?

చెల్లె: అరుగుతది. అందుకే ప్రతి రన్‌కు ముందూ వెనుకా తూకం, స్లరీకి మల్ల జీటా. ఈ పలక మీద 1 మైక్రాన్ పోతే 8 మిల్లీగ్రాములు తగ్గుతది. అంత చిన్న తేడా పట్టే తక్కెడ కావాలె, పలక పూర్తిగ ఆరినంకనే పెట్టాలె.

అన్న: సరే, రెండు పలకలు, ఒకే ఒత్తిడి, ఒకే స్పీడు. చూద్దాం. ఆఖరి మెరుపు మాత్రం ఉత్త సిలికాతోనే, అది నేను వదల.

చెల్లె: వదలకు. కానీ దానికి వేరే ప్యాడ్ వెయ్యి అన్నా. నా స్లరీ తాగిన ప్యాడ్‌ను ఎంత కడిగినా రంధ్రాలల్ల అల్యూమినా మిగులుతది, నీ సిలికా పని మీద అదే గీతలు గీస్తది. పలకను, హోల్డర్‌ను కూడ కడిగినంకనే ఎక్కియ్యి.