సూపర్‌వైజర్‌కు మొలక పరీక్ష లేదు

విత్తన కంపెనీలు ఉద్యోగులకు శిక్షణ ఇవ్వాలని, వాళ్లు నాలుగు కాలాల పాటు నిలిచేలా చూసుకోవాలని ఈ మధ్య కొందరు సలహాలు ఇస్తున్నారు. వాళ్లకు విత్తనానికీ మనిషికీ తేడా తెలియదని నా అనుమానం. వరి గింజలైతే నూటికి 80 మొలవాలి, మొక్కజొన్న హైబ్రిడ్ అయితే 90. పరీక్ష జరిగి తొమ్మిది నెలలు దాటితే మళ్లీ పరీక్షించాలి. బ్రీడర్ విత్తనాన్ని (రకానికి మూలమైన మొదటి విత్తనాన్ని) శీతల గదిలో దాచి తేమ లెక్క చూసుకుంటారు. రైతుల విత్తన చేలు చూసుకునే ఫీల్డ్ సూపర్‌వైజర్‌ను ఏ గదిలో దాస్తారు? ఎండలో మోటారు సైకిలు మీద వదిలేయడమే సబబు.

కొత్తగా చేరిన కుర్రాడికి శిక్షణ అంటే సీనియర్ బండి వెనక రెండు రోజులు తిరగడం. ఆ సీనియర్ అప్పటికే రాజీనామా చేసి ఉంటే (సాధారణంగా చేసే ఉంటాడు) కుర్రాడికి బండి తాళం ఒక్కటే మిగులుతుంది. హైబ్రిడ్ వరిలో మగ వరుసలు, ఆడ వరుసలు ఒకేసారి పూతకు రావాలంటే నారు వేర్వేరు తేదీల్లో పోయాలి. వెన్ను బాగా బయటికి రావడానికి జిబ్బరెలిక్ ఆమ్లం అనే హార్మోను ఏ రోజు కొట్టాలో, తాడు లాగి పుప్పొడి ఏ వేళ దులపాలో తెలియాలి. కేళీలను (వేరే రకం మొక్కలను) పూతకు ముందే గుర్తుపట్టి పీకేయాలి. ఆ చూపు కొన్ని సీజన్లు గట్ల మీద తిరిగితే తప్ప రాదు. కంపెనీ మాత్రం సీజన్ అయిపోగానే ఆ చూపును ఇంటికి పంపేసి, మరుసటి సీజన్‌కు కొత్త కళ్లు తెచ్చుకుంటుంది. పొదుపంటే అదీ!

మొక్కజొన్న విత్తన క్షేత్రానికి 200 మీటర్ల లోపు మరో మొక్కజొన్న ఉండకూడదని నియమం, పరాయి పుప్పొడి పడుతుందని. కొంపల్లి, మేడ్చల్ వైపు కంపెనీలు ఇరుగుపొరుగున ఉంటాయి, ఉద్యోగులు ఒకే కొట్లో టీ తాగుతారు. పరపరాగ సంపర్కమంతా అక్కడే. జీతం కాస్త పెంచుతామంటే చాలు, మనిషితో పాటు రైతుల జాబితా, కంపెనీకీ విత్తనం పండించే రైతుకీ మధ్య ఉండే ఆర్గనైజర్ల ఫోను నంబర్లు కూడా వలస పోతాయి. శిక్షణ ఇస్తే పక్కవాడికి లాభమని యజమాని వాదన. పక్కవాడిదీ అదే వాదన. అందుకే శిక్షణ ఎవరూ ఇవ్వరు, అనుభవజ్ఞులు కావలెనని మాత్రం అందరూ ప్రకటనలు ఇస్తారు. ఆ అనుభవజ్ఞుడు ఏ మడిలో మొలుస్తాడో ఇంకా పరిశోధన దశలోనే ఉంది.

ఇంత నిర్వాకం ఎలా గిట్టుబాటు అవుతోందని అడిగేవాళ్లు ఒకసారి గద్వాల వైపు వెళ్లిరావాలి. అక్కడి పత్తి విత్తన చేలల్లో సాయంత్రం మొగ్గల్లోని కేసరాలు గిల్లేసి, మర్నాడు పొద్దున మగ పువ్వు పుప్పొడి అద్దుతారు. ఎక్కువగా ఆడకూలీలు చేసే పని. కేసరాలు కొన్ని మిగిలిపోయాయా, ఆ మొగ్గ తన పుప్పొడితోనే కాయ కడుతుంది. చూసి చెప్పవలసిన సూపర్‌వైజర్‌కు అదేమిటో అప్పటికి ఎవరూ చెప్పి ఉండరు. నెలల తర్వాత జీవోటీలో (విత్తనాన్ని నాటి, మొక్కల్లో కల్తీ చూసే పరీక్షలో) ఆ సంగతి బయటపడే సరికి అతను పక్క కంపెనీలో అనుభవజ్ఞుడిగా చేరిపోయి ఉంటాడు. విత్తనం ఫెయిలైందన్న కబురు ఆర్గనైజర్ తెస్తాడు. రైతుకు విత్తనం ధర దక్కదు, తీసుకున్న అడ్వాన్సు మీద వడ్డీ మాత్రం ఆగదు.

కాబట్టి సలహాదారులు తప్పు తలుపు తడుతున్నారు. సూపర్‌వైజర్‌కు పని రాకపోతే నష్టం కంపెనీది కానప్పుడు శిక్షణ ఖర్చు మాత్రం కంపెనీ ఎందుకు పెట్టాలి? నష్టం ఎవరిదో ఖర్చూ వారిదే కావడం న్యాయం. వచ్చే ఖరీఫ్ నుంచి రైతుకిచ్చే అడ్వాన్సులోనే సూపర్‌వైజర్ శిక్షణ రుసుము కోసుకుంటే సరిపోతుంది. కోసుకున్న దానికి వడ్డీ ఎంతన్నది ఆర్గనైజర్ చెబుతాడు.