ఫిన్లాండ్ సరిహద్దు గోడ: ఫార్వర్డ్‌లో ఉన్నదెంత, లేనిదెంత

"ఫిన్లాండ్‌ని చూసి నేర్చుకోండి. రష్యా సరిహద్దు పొడవునా గోడ కట్టింది, శరణార్థులు ఆగిపోయారు. బయటివాళ్లకు తలుపులు మూసేసింది. నాటోలో చేరింది, అమెరికా అణుబాంబులొచ్చాయి, రష్యా భయం పోయింది." వాట్సాప్ గ్రూపుల్లో తెగ తిరుగుతున్న వాదన ఇది. ఇందులో నాటోలో చేరిన మాట నిజం (2023 ఏప్రిల్ 4). మిగతా వాటి సంగతి చూద్దాం.

"సరిహద్దు పొడవునా గోడ"

సరిహద్దు సుమారు 1,340 కిలోమీటర్లు. కంచె తలపెట్టింది దాదాపు 200 కిలోమీటర్లకు, అంటే ఏడో వంతుకు. అది గోడ కూడా కాదు. మూడు మీటర్లు దాటిన ఇనుప కంచె, పైన ముళ్లతీగ, పక్కన గస్తీ బండ్లకు రోడ్డు, కెమెరాలు. మిగతాదంతా అడవి, చిత్తడి, సరస్సులు. దాటేవాణ్ణి కాసేపు నిలబెట్టడం, ఎక్కడ దాటుతున్నాడో సరిహద్దు దళానికి తెలిసేలా చేయడం, గుంపును ఒక దారికి మళ్లించడం వరకే కంచె పని.

"గోడ వల్లే ఆగారు"

ఇక్కడే వాదన పూర్తిగా కూలుతుంది. 2023 చివర్లో జనం వచ్చేనాటికి నిలబడి ఉన్నది ఆగ్నేయాన ఉన్న ఇమాత్రా పట్టణం దగ్గర ప్రయోగంగా వేసిన మూడు కిలోమీటర్ల ముక్కే. పైగా వాళ్లు అడవిలోంచి దూరి రాలేదు, నేరుగా చెక్‌పోస్టులకే వచ్చారు. ఆ ఆగస్టు నుంచి డిసెంబరు దాకా దాదాపు 1,300 మంది. సోమాలియా, సిరియా, యెమెన్, ఇరాక్ వాళ్లు, ఎక్కువమందికి వీసా లేదు. అంతకుముందు వీసా లేనివాళ్లను రష్యా కాపలాదారులే గేటు దాకా రానిచ్చేవారు కాదు. అప్పుడు రానిచ్చారు. నడిచి దాటడం కుదరదు కాబట్టి సైకిళ్ల మీద వచ్చారు, మంచులో. ఫిన్లాండ్ ముందు సైకిళ్లను నిషేధించింది. నవంబరు 18న ఆగ్నేయాన నాలుగు గేట్లు మూసింది. జనం ఉత్తరాది గేట్లకు మళ్లారు. నెలాఖరుకు ఉత్తర కొసన లాప్‌లాండ్‌లోని రాయా-యోసెప్పి గేటు కూడా మూతపడింది. డిసెంబరు 14న రెండు గేట్లు తెరిచి చూస్తే మళ్లీ వరస కట్టారు. రెండు రోజులు నిండకముందే మూసేశారు.

2015-16 చలికాలంలోనూ ఇదే తంతు. అప్పుడు దాదాపు 1,700 మంది వచ్చారు, రష్యాతో ఒప్పందం కుదిరాక ఆగారు. అంటే కుళాయి తిప్పే చెయ్యి అవతల ఉంది. ఇవతల ఫిన్లాండ్ చేయగలిగింది గేటు మూయడం, దాని ఖర్చు భరించడం. ఆ ఖర్చు ఇమాత్రా, లప్పేన్‌రంత లాంటి సరిహద్దు పట్టణాల దుకాణాల మీదా, రెండువైపులా చుట్టాలున్న కుటుంబాల మీదా పడింది.

"బయటివాళ్లకు తలుపులు మూసేసింది"

మూసింది తూర్పు గేట్లు. విమానాశ్రయంలో, ఓడరేవులో ఆశ్రయం అడగొచ్చు. వేలాది ఉక్రేనియన్లకు తాత్కాలిక రక్షణ ఇచ్చింది ఈ దేశమే. ఉద్యోగ వీసా మీద హెల్సింకీలో దిగే మన ఐటీ కుర్రాడికీ ఈ గేట్లకూ సంబంధం లేదు. సరిహద్దులో ఆశ్రయ దరఖాస్తులు తీసుకోకుండా తిప్పి పంపే చట్టం 2024 జులైలో వచ్చిన మాట వాస్తవం. దానికి పోలైన ఓట్లలో ఆరింట ఐదొంతులు కావాలి. 167-31తో నెగ్గింది, అంటే ఇంకో ముగ్గురు వ్యతిరేకంగా ఓటేసి ఉంటే వీగిపోయేది. అయినా దాన్ని ఒక ప్రాంతంలో ఒకసారికి నెల వరకే ప్రయోగించగలరు. పిల్లలకు, వికలాంగులకు మినహాయింపు ఉంది. అంతర్జాతీయ ఒప్పందాలకు విరుద్ధమన్న న్యాయనిపుణుల అభ్యంతరాన్ని మాత్రం కొట్టిపారేయలేం.

"అణుబాంబులొచ్చాయి, భయం పోయింది"

రాలేదు. అణ్వాయుధాల్ని దేశంలోకి తేవడం, తయారుచేయడం, దగ్గర పెట్టుకోవడం నిషేధించే 1987 చట్టం నాటోలో చేరిన రోజునా అమల్లోనే ఉంది. నాటో అణు గొడుగు కిందికి, అంటే దాడి జరిగితే మిత్రదేశాల అణ్వాయుధాలు అండగా ఉంటాయన్న భరోసా కిందికి రావడం వేరు, ఇంట్లో బాంబు పెట్టుకోవడం వేరు.

భయం పోయిందో లేదో నేలమాళిగల్ని చూస్తే తెలుస్తుంది. 56 లక్షల జనాభాకు బాంబుదాడి వేళ తలదాచుకునే రక్షణ గదులు దాదాపు 50,500, 48 లక్షల మందికి చోటు. 1,200 చదరపు మీటర్లు, ఆపైన ఉండే అపార్ట్‌మెంట్ కడితే ఇది తప్పనిసరి. బరువైన ఉక్కు తలుపు, గాలి వడపోసే యంత్రం ఉంటాయి. తలుపు రబ్బరు ఎండి బీటలిస్తే గాలి లోపలికి జొరబడుతుంది, కాబట్టి పదేళ్లకోసారైనా సామగ్రిని పరీక్షించాలి. మామూలు రోజుల్లో అక్కడ సైకిళ్లు, స్కీలు, పాత సామాన్లు పెట్టుకుంటారు. ఆదేశం వస్తే 72 గంటల్లో అవన్నీ బయట పడేసి గది సిద్ధం చేయాలి.